వరంగల్ శివార్లలో బతుకు: కొలువు, ఇల్లు, నీళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హసన్‌పర్తి రోడ్డు వైపు ఒక కాలనీలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. కాలనీ సంఘం కాగితాల పని నేనే చూస్తాను. అందుకే ఇక్కడ ప్లాటు కొందామనుకునేవాళ్లు, కిరాయికి వచ్చేవాళ్లు, భూమి అమ్మాలా ఉంచుకోవాలా అని తేల్చుకోలేని పక్క ఊరి రైతులు, హైదరాబాద్ నుంచి ఫోన్ చేసే చుట్టాలు, అందరూ నన్నే అడుగుతారు. ప్రశ్నలు కూడా దాదాపు అవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేటప్పుడు ఏదో ఒకటి మరిచిపోతున్నాను. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను.

శివారు అంటే ఏయే ఊళ్లు?

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిస్తే ఒకే నగరం. చుట్టూ ఉన్న 42 గ్రామాలను కూడా అందులో కలిపారు. 2015లో ఇది గ్రేటర్ అయింది. ఇప్పుడు నగరపాలక సంస్థ విస్తీర్ణం 400 చదరపు కిలోమీటర్లకు పైనే. హసన్‌పర్తి, భీమారం, మడికొండ, కడిపికొండ, మామునూరు, గొర్రెకుంట, ధర్మారం, పైడిపల్లి, ఇవన్నీ కాగితం మీద నగరమే. పొద్దున ఆరింటికి బయటికొచ్చి చూస్తే మాత్రం ఒక పక్క అపార్ట్‌మెంట్, ఇంకో పక్క వరి మడి.

వీటికి అవతల కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ పరిధి ఉంది. అందరూ కుడా అంటారు. 1,805 చదరపు కిలోమీటర్లు, 181 ఊళ్లు. ఒకవైపు స్టేషన్‌ఘన్‌పూర్ దిక్కు, ఇంకోవైపు ఆత్మకూరు, గీసుగొండ దిక్కు వెంచర్లు లేస్తున్నదంతా ఈ పరిధిలోనే.

ఇన్నాళ్లూ లేని ఈ ఊపు ఇప్పుడెందుకు వచ్చింది?

ఊపు కొత్తదేమీ కాదు, మధ్యలో ఆగిపోయింది. 1934లో నిజాం ప్రభుత్వం ఆజంజాహి మిల్లు పెట్టినప్పుడు వరంగల్ బట్టల ఊరు. వేల కుటుంబాలకు అదే అన్నం పెట్టింది. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీకి నెహ్రూ పునాదిరాయి వేశారు. దేశంలో ఆ వరుసలో అదే మొదటిది. ఇప్పటి నిట్ అదే. అదే ఏడాది మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చాయి. చదువు పెరుగుతూ పోయింది కానీ కొలువు పెరగలేదు. మిల్లు నష్టాల్లో పడి చివరికి మూతపడింది. మగ్గం తెలిసిన చేతులు సూరత్, భీవండి, షోలాపూర్ బాట పట్టాయి. ఇంజినీరింగ్ చదివిన పిల్లలు హైదరాబాద్ వెళ్లిపోయారు.

గత పదేళ్లలో మూడు నాలుగు పనులు ఒకేసారి జరిగాయి. హైదరాబాద్ నుంచి వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలై, కొత్త జిల్లాలు, కొత్త ఆఫీసులు వచ్చాయి. 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల సరిహద్దులో మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. 2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో సయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు తెరిచాయి. వీటన్నిటికంటే ముందు పరుగెత్తింది భూమి ధర. ఫ్యాక్టరీ గోడ లేవకముందే చుట్టూ పదూళ్లలో గజం రేటు మారిపోయింది. ఇప్పుడు కనిపించే ఎదుగుదలలో సగం పని వల్ల వచ్చింది, సగం పని వస్తుందన్న ఆశ వల్ల వచ్చింది. డబ్బు పెట్టేముందు మీరు చూస్తున్నది ఏ సగమో తేల్చుకోండి.

టెక్స్‌టైల్ పార్కులో ఉద్యోగాలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. పాత ప్లాస్టిక్ సీసాల నుంచి పాలిస్టర్ దారం తీసే గణేశా ఎకోస్ఫియర్, పిల్లల బట్టలు కుట్టే కేరళ కంపెనీ కైటెక్స్, దక్షిణ కొరియాకు చెందిన యంగ్‌వన్ ఈ పార్కుకు వచ్చాయి. 2023లో కేంద్రం ప్రకటించిన పీఎం మిత్ర (భారీ టెక్స్‌టైల్) పార్కుల్లో కూడా వరంగల్ ఉంది.

జీతం సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. మా చుట్టాలమ్మాయి ఒక కుట్టు యూనిట్‌కు వెళ్తుంది. తెల్లవారక ముందే లేచి అన్నం డబ్బా కట్టుకుని ఊరి చివర వేపచెట్టు కింద బస్సు కోసం నిలబడుతుంది. రోజంతా ఒకే కుట్టు, కాలర్ అయితే కాలరే. మొదటి నెల చూపుడు వేలికి ఎప్పుడూ దూది చుట్టే ఉండేది. వాళ్ల బాపు పద్దెనిమిదేళ్లు సూరత్‌లో మగ్గం నడిపాడు. దసరాకు వస్తే వచ్చినట్టు. "నేను మాత్రం రోజూ పొద్దుమీకి ఇంట్ల ఉంటున్న" అని చెప్పేటప్పుడు ఆ అమ్మాయి ముఖం చూడాలి. కానీ ఆ జీతంతో పార్కు పక్కన కిరాయి గది తీసుకుని బతకాలంటే నెలాఖరుకు ఏమీ మిగలదు. సొంతింట్లో ఉండి వెళ్లొస్తేనే గిట్టుబాటు. కాబట్టి పార్కు వల్ల ఎక్కువ మేలు జరిగేది బస్సు అందే ఊళ్లకు. ముప్పై కిలోమీటర్ల లోపు ఊళ్లన్నిటికీ షిఫ్ట్ వేళకు బస్సులుంటే, ఆ అమ్మాయి లాంటివాళ్లు ఊరు వదలాల్సిన అవసరం ఉండదు. కొత్త రోడ్డు గురించి అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, షిఫ్ట్ బస్సు గురించి అడిగేవాళ్లు తక్కువ. నాకు ఇది చాలా ముఖ్యమైన విషయం అనిపిస్తుంది.

కాజీపేట రైల్వే ఫ్యాక్టరీ సంగతి?

ఈ ప్రాంతం నలభై ఏళ్లకు పైగా అడిగిన కోరిక అది. ఎనభైల్లో మనకు రావాల్సిన కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లిందన్న బాధ పెద్దవాళ్లలో ఇంకా ఉంది. 2014 విభజన చట్టంలోనూ తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు చూడాలని రాశారు. చివరికి 2023 జూలై 8న అయోధ్యాపురంలో వ్యాగన్ల తయారీ యూనిట్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. తర్వాత కోచ్‌లు కూడా తయారయ్యేలా దాన్ని విస్తరించారు. ఐటీఐ చేసిన పిల్లలున్న ఇళ్లు ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌ల మీద ఇప్పుడే దృష్టి పెడితే మంచిది.

హైదరాబాద్‌లో కొలువు చేస్తూ ఇక్కడ కాపురం ఉండొచ్చా?

వారానికి రెండు మూడు రోజులు ఆఫీసుకెళ్తే చాలనుకుంటే ఉండొచ్చు. రోజూ అయితే వద్దనే చెబుతాను. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. రైల్లో రెండు, రెండున్నర గంటలు. అక్కడి నుంచి గచ్చిబౌలికి ఇంకో గంటన్నర. నెలవారీ పాస్ చవకే కానీ అది వందేభారత్‌లో చెల్లదు. మా వీధిలో ఒక తమ్ముడు ఏడాదిన్నర అలా తిరిగాడు. పాప నిద్ర లేవకముందు వెళ్లి, నిద్రపోయాక వచ్చేవాడు. చివరికి జీతం తగ్గినా పర్లేదని మడికొండలోనే చేరిపోయాడు.

ఆఫీస్ ఉప్పల్, పోచారం, ఘట్‌కేసర్ వైపు ఉంటే లెక్క మారుతుంది. వరంగల్ బస్సు ముందు దిగేది అక్కడే.

భూమి ధర పెరిగితే అందరికీ మంచిదే కదా?

అమ్ముకునేవాళ్లకు మంచిది. అదీ ఒక్కసారికే. ఎకరమంటే నలభై గుంటలు, గుంటంటే 121 గజాలు. ఎకరంలో రోడ్లకు, ఖాళీ జాగాకు పోగా సగం పైచిలుకు గజాలు ప్లాట్లుగా మిగులుతాయి. రైతుకు ఎకరం లెక్కన డబ్బు వస్తుంది, వెంచర్ వేసినవాళ్లకు గజం లెక్కన వస్తుంది. ఆ రెండింటి మధ్య తేడా ఎంతో, అమ్మకముందు కాగితం మీద ఒకసారి వేసుకోమని ప్రతి రైతుకూ చెబుతాను.

అమ్మిన డబ్బుతో ఇంకా లోపలికి వెళ్లి, నర్సంపేట దిక్కో పరకాల దిక్కో రెండింతల భూమి కొన్నవాళ్లు బాగానే ఉన్నారు. ఇల్లు కట్టి, కారు కొని, పెళ్లి చేసి మిగిలింది బ్యాంకులో వేసినవాళ్లలో కొందరు, ఒకప్పుడు తమదే అయిన వెంచర్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్నారు. అలాంటి ఒక పెద్దాయన నాకు తెలుసు. ఆ గేటు పక్కనున్న చింతచెట్టు వాళ్ల తాత పెట్టింది.

రైతులకు ఇది తెలియదని అనుకోకండి. 2022లో ఔటర్ రింగు రోడ్డు వెంట ఇరవైకి పైగా ఊళ్లలో భూసమీకరణ చేస్తామని ఉత్తర్వు వచ్చినప్పుడు వాళ్లు రోడ్డెక్కారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అది అభివృద్ధికి అడ్డం పడటమని అన్నవాళ్లతో నేను ఒప్పుకోను. రెండు పంటలు పండే భూమికి విలువ కట్టేటప్పుడు దాన్నే నమ్ముకున్నవాళ్ల మాట వినాలి.

ధర పెరిగితే కిరాయి కూడా పెరుగుతుంది. ప్రైవేట్ బడి టీచరు, ఆస్పత్రిలో నర్సు, మెడికల్ షాపులో పనిచేసే పిల్లాడు ఇప్పుడు ఈ చుట్టుపక్కల ప్లాటు కొనే స్థితిలో లేరు. ఊరిని నడిపేవాళ్లు ఊళ్లో ఉండలేకపోతే అది నాకు ఎదుగుదలలా కనిపించదు.

ప్లాటు కొనేముందు ఏమేం చూడాలి?

నేను ఫోన్‌లో గంటలు గంటలు చెప్పేది దీని గురించే.

మొదట ఎండాకాలంలో కాదు, వానాకాలంలో వెళ్లి చూడండి. గట్టి వాన పడిన మర్నాడు బండి మీద వెళ్లండి. బ్రోచర్‌లో కనిపించనిది ఆ రోజు కళ్లముందు కనిపిస్తుంది. పక్క ఊరి హోటల్‌లో చాయ్ తాగుతూ ఆ జాగాకు పాత పేరు ఏమిటని అడగండి. "కుంట కింద", "శిఖం", "వాగొడ్డు", "తూము కాడ" లాంటి మాట వినిపించిందంటే జాగ్రత్త పడండి. వెంచర్‌కు పెట్టే కొత్త పేర్లు ఏదైనా కావచ్చు, పాత పేరు మాత్రం నీళ్లను బట్టి పెట్టిందే.

తర్వాత కాగితాలు. లేఅవుట్‌కు కుడా లేదా స్థానిక సంస్థ అనుమతి ఉందా? 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరు తీసుకుని మీరే వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, వాళ్లు పంపిన ఫోటో చూసి నమ్మకండి. ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించండి. సర్వే నంబరు నిషేధిత జాబితాలో, అంటే 22-ఏలో ఉందేమో చూడండి. అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అయితే ఎంత తక్కువకు వచ్చినా వద్దు. 1977 చట్టం ప్రకారం దాని అమ్మకమే చెల్లదు. వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చిన నాలా ఉత్తర్వు (ఇక్కడ నాలా అంటే కాలువ కాదు, భూమార్పిడి) చూపించమనండి. భూమి రికార్డులకు ధరణి పోర్టల్ పోయి భూభారతి వచ్చినా పాత పహాణీలు (సాగు రికార్డులు) తీయించి చూసుకోవడం మంచిదే.

గుంటల లెక్కన రాసిచ్చే ఫామ్ ప్లాట్ల గురించి చాలామంది అడుగుతున్నారు. రోడ్డు వేసి, రాళ్లు పాతి, వ్యవసాయ భూమిగానే రిజిస్ట్రేషన్ చేస్తారు. ఇల్లు కట్టుకునే అనుమతికి వెళ్లినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. పిల్లల పెళ్లికని దాచిన డబ్బు అందులో పెట్టకండి.

ఇక చెరువు. పది హెక్టార్లు, అంటే దాదాపు పాతిక ఎకరాలు దాటిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్ల వరకు ఏ కట్టడమూ కట్టకూడదు. అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు. ఈ గీత ఎక్కడుందో నీటిపారుదల శాఖ, రెవెన్యూ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. చెరువు జాగాలోని ప్లాటుకు ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని ప్లాట్ల క్రమబద్ధీకరణ) కూడా కాదు. "తర్వాత చూసుకుందాం" అన్న మాట విని డబ్బు కట్టకండి. నేను విన్నాను. ఆ సంగతి కింది ప్రశ్నలో రాశాను.

వాన పడితే హనుమకొండ కాలనీలు ఎందుకు మునుగుతున్నాయి?

2020 ఆగస్టులో మునిగాయి. 2023 జూలైలో మునిగాయి. 2025 అక్టోబరులో మొంథా తుపానుకు మళ్లీ మునిగాయి. వాన గట్టిగానే కురిసింది, అది నిజం. 2023 జూలై 27 పొద్దుటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. రాష్ట్రంలోనే అది రికార్డు. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచెత్తింది. అంత వానకు ఏ ఊరైనా కొంత తడుస్తుంది. కానీ మనం మునుగుతున్నది వాన ఒక్కదాని వల్లే కాదు.

ఈ నేల కట్టడం వేరు. ఇక్కడ పెద్ద నది లేదు. కాకతీయులు వాన నీళ్లు పట్టుకోవడానికి గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది కుంటకు, అది నిండితే ఇంకా కిందికి, అలా చివరికి వాగులో కలిసేవి. ప్రతి రెండు చెరువుల మధ్య ఒక కాలువ, ఒక తొవ్వ ఉండేది. పాకాల, లక్నవరం, రామప్ప లాంటి పెద్ద చెరువులను ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా చూసి మురిసిపోతున్నాం. మన కాలనీ పక్కనున్న చిన్న కుంట కూడా ఆ తెలివితోనే కట్టింది. దాన్ని మాత్రం చెత్త వేసే చోటు చేశాం.

కరువు సంవత్సరాల్లో కుంటలు ఎండాయి. ఎండిన కుంట ఎవరికైనా ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. కాలువలు పూడ్చి రోడ్లు చేశారు. మత్తడి ముందు గోడలు లేచాయి. పై చెరువు నిండినప్పుడు నీళ్లకు పోయే దారి లేక రోడ్ల మీదికి, అక్కడి నుంచి గుమ్మాల్లోకి వస్తున్నాయి. హంటర్ రోడ్డు వైపు బొందివాగు, హనుమకొండలో నయీంనగర్ నాలా పొంగడానికి కారణం ఇదే. నయీంనగర్ నాలాను వెడల్పు చేసి వంతెనను కొత్తగా కట్టారు. ఆ చుట్టుపక్కలవాళ్లు అందుకోసం చాలా ఏళ్లు ఎదురుచూశారు. పై నుంచి కింది దాకా మొత్తం గొలుసును అలాగే బాగుచేయాలి. ఒక్కచోట వెడల్పు చేసి కింద ఇరుకుగా వదిలేస్తే నీళ్లు ఆగే చోటు మారుతుంది, అంతే.

ఇప్పుడు నా సంగతి. ప్లాటు అమ్మినాయన నాలా పక్కన కాదు, "నాలాకు దూరం" అన్నాడు. నేను నక్ష (ఊరి భూముల పటం) చూడలేదు. 2023లో ఆ రాత్రి రెండింటికి వెనక తలుపు కింద నుంచి నీళ్లు మొదలయ్యాయి. మొదట తుడిచాం, తర్వాత తలుపుకు గోనె సంచులు అడ్డం పెట్టాం. మూడింటికల్లా మంచం కోళ్లు మునిగాయి. పిల్లల పుస్తకాలు, బియ్యం డ్రమ్ము ఎత్తుకుని పక్కింటి డాబా ఎక్కాం. ఆ డాబా మీద పక్కింటి ముసలమ్మ చలికి కొంగు కప్పుకుని నీళ్లు వచ్చే దిక్కు చూస్తూ అంది, "గిది కుంట నీళ్లు బిడ్డా. దాని తొవ్వ అది ఎతుక్కుంటాంది." ఆమె పెళ్లయి వచ్చినప్పుడు మా వంటగది ఉన్నచోట కాలువ పారేదట. మర్నాడు తాసిల్ ఆఫీసు నుంచి పాత నక్ష కాపీ తెప్పించాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. సన్నని రెండు గీతలు, సరిగ్గా మా ఇంటి మీదుగా.

ఇంకా ఇక్కడే ఉంటున్నాను, అమ్ముకుని వెళ్లలేదు. అమ్మితే ఇంకొకరికి అదే గతి. సంఘం తరఫున వీధి కింద పెద్ద తూము వేయించుకున్నాం. నా వెనక గోడ నేనే మూడడుగులు లోపలికి జరిపాను.

నల్లా నీళ్లు వస్తాయా?

పాత నగరంలో ఫర్వాలేదు. శివార్లలో కాలనీని బట్టి, వీధిని బట్టి ఉంటుంది. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల నీళ్లే శుద్ధి చేసి పంపుతారు. ధర్మసాగర్‌కు కాకతీయ కాలువ ద్వారా గోదావరి నీళ్లు వస్తాయి. అంటే కొత్త కాలనీ నల్లా చివర ఉన్నది కూడా చెరువే. కిరాయికి దిగేముందు ఇంటి ఓనర్‌ని కాదు, ఆ వీధిలో బిందె మోసే మనిషిని అడగండి. నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, ఏ వేళకు, మేడ మీదికి ఎక్కుతాయా లేదా, మూడూ ఆమె చెబుతుంది.

డ్రైనేజీ?

నగరానికి పూర్తి భూగర్భ డ్రైనేజీ లేదు. ఇన్నేళ్ల నగరానికి ఇది పెద్ద లోటు. 2024లో నాలుగు వేల కోట్లకు పైగా అంచనాతో ప్రభుత్వం ఆ పథకానికి అనుమతి ఇచ్చింది. పైపులు మీ వీధికి వచ్చేవరకు సెప్టిక్ ట్యాంకు సరిగా కట్టించుకోండి. మురుగును వాన నీళ్ల కాలువలోకి వదలకండి, అది చివరికి చేరేది చెరువులోకే.

మా ఊరు కార్పొరేషన్‌లో కలుస్తుందంటున్నారు. లాభమా, నష్టమా?

రెండూ ఉన్నాయి. ఎవరికి లాభం అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ప్లాటు ఉన్నవాళ్లకు ధర పెరుగుతుంది. వీధిదీపాలు, చెత్తబండి, సీసీ రోడ్డు వస్తాయి, ఆలస్యంగానైనా. ఇంటి పన్ను పెరుగుతుంది. కూలికి వెళ్లేవాళ్లు మాత్రం చాలా కోల్పోతారు. ఉపాధి హామీ పని పల్లెలకే ఉంటుంది కాబట్టి ఊరు నగరమైన రోజు నుంచి ఆ పని ఆగిపోతుంది. ఎండాకాలం నాలుగు పైసలు చూసే ఆడవాళ్లకు ఒక్కసారిగా ఆధారం పోయినట్టే. పొలం ఇంకా పొలమే, కైకిలి ఇంకా కైకిలే. కాగితంలో మాత్రం వాళ్లు పట్టణవాసులు.

ఇంకొకటి, సర్పంచ్ పోతాడు. సర్పంచ్ మంచివాడైనా కాకపోయినా అరుగు మీద దొరికేవాడు. ఇప్పుడు నగరంలో 66 డివిజన్లు. ఒక్కో కార్పొరేటర్ కింద మూడు నాలుగు ఊళ్లు, పదుల కాలనీలు ఉండొచ్చు. బోరు మోటారు కాలిపోతే ఎవరికి చెప్పాలో తెలియక మొదటి రెండేళ్లు జనం తిరిగారు. విలీనానికి ముందే గ్రామసభలో రెండు విషయాలు రాయించుకోండి. ఊరి ఉమ్మడి ఆస్తులైన కుంట, బందెలదొడ్డి, శ్మశానం, బడి జాగాల కొలతలు నక్షతో సహా. ఉపాధి కార్డు ఉన్న కుటుంబాల జాబితా. కలిసిపోయాక ఈ రెండూ దొరకడం కష్టం.

ఆస్పత్రులు, బడులు ఎలా ఉన్నాయి?

పెద్ద రోగానికి ఉత్తర తెలంగాణ అంతా వరంగల్‌కే వస్తుంది. ఆదిలాబాద్, భూపాలపల్లి, అవతల ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వరకు ఎంజీఎం సర్కారు ఆస్పత్రి మీదే భారం. పాత సెంట్రల్ జైలు జాగాలో 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి మొదలుపెట్టారు. కానీ శివారులో రోజూ కావాల్సింది జ్వరానికి, బీపీకి, బాలింతకు దగ్గర్లో ఒక డాక్టర్. అర్ధరాత్రి ఆటో దొరకని కాలనీకి 24 అంతస్తులు ఎంత దూరమో ముసలివాళ్లున్న ఇళ్లకు తెలుసు.

చదువుకు ఈ నగరాన్ని మించింది హైదరాబాద్ తర్వాత ఇంకొకటి లేదు. కోచింగ్‌కు పిల్లల్ని తీసుకుని వచ్చి, గది కిరాయికి తీసుకుని ఉండే తల్లులను ఏ వీధిలోనైనా చూడొచ్చు. కొత్త కాలనీల్లో మాత్రం సర్కారు బడి నడక దూరంలో ఉండదు, ఎందుకంటే లేఅవుట్లలో ఉమ్మడి అవసరాలకు వదలాల్సిన పది శాతం జాగా చాలాచోట్ల పేరుకే ఉంది.

కారు లేకపోతే శివారులో ఉండగలమా?

ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సు ఉచితం అయ్యాక ఇక్కడ నేను చూసిన మార్పు పెద్దది. ఇళ్లలో పనికి వెళ్లే అక్కలు, డిగ్రీ పిల్లలు, ఎంజీఎంలో మందులకు వచ్చే ముసలమ్మలు దర్జాగా వెళ్తున్నారు. చిక్కల్లా చీకటి పడ్డాకే. మెయిన్ రోడ్డు మీద దిగి లోపలికి కిలోమీటరు నడవాలి. మధ్యలో ఖాళీ ప్లాట్లు, లైట్లు ఉండవు. ఇల్లు చూసేటప్పుడు ఆ కిలోమీటరు మీరే రాత్రి ఎనిమిదింటికి ఒకసారి నడిచి చూడండి.

మామునూరు విమానాశ్రయం వస్తే పరిస్థితి మారుతుందా?

నిజాం కాలంలో కట్టిన విమానాశ్రయం అది, 1981 దాకా నడిచింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ అభివృద్ధికి ఆమోదం తెలిపింది. రన్‌వే కోసం దాదాపు 250 ఎకరాలు అదనంగా సేకరించాల్సి వచ్చింది. వ్యాపారాలకు, రామప్ప చూడటానికి వచ్చేవాళ్లకు మేలే. దాన్ని చూపించి అమ్మే ప్లాట్లకు మాత్రం పై జాగ్రత్తలన్నీ రెట్టింపు తీసుకోండి. రన్‌వేకు దగ్గరైతే ఇంటి ఎత్తు మీద హద్దులుంటాయి, చప్పుడూ ఉంటుంది.

మాస్టర్ ప్లాన్ వచ్చిందిగా, ఇక అన్నీ సర్దుకుంటాయా?

1971 నాటి ప్లాన్ మీదే యాభై ఏళ్లు నెట్టుకొచ్చాం. 2041 వరకు సరిపోయే కొత్త ప్లాన్‌కు 2024 నవంబరులో ఆమోదం వచ్చింది. ఇది మంచి మాట. మీ సర్వే నంబరు అందులో ఏ జోన్‌లో ఉందో, దాని మీదుగా ప్రతిపాదిత రోడ్డు ఏదైనా వెళ్తుందో కుడా ఆఫీసులో చూసుకోండి. చెరువులు, కాలువలు అందులో నీలం రంగులో గీసి ఉన్నాయి. ఆ నీలం గీతలు నేల మీద రాళ్లుగా పాతించుకోవాల్సింది అక్కడ ఉండేవాళ్లే.

కొత్తగా కాలనీకి వచ్చాం. మొదట ఏం చేయాలి?

పైన చెప్పిన పాత నక్ష ఒక కాపీ తెచ్చి ఇంట్లో పెట్టుకోండి. మీ వీధి నీళ్లు ఏ నాలాలోకి, ఆ నాలా ఏ కుంటలోకి పోతుందో ఒక ఆదివారం నడిచి చూడండి, పిల్లల్ని తీసుకెళ్లండి. కాలనీ సంఘంలో పేరు రాయించుకోండి. సమస్య ఏదైనా సోమవారం ప్రజావాణిలో (అధికారులు ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) కాగితం ఇచ్చి, రసీదు నంబరు తీసుకుని, మూడు వారాలకోసారి అదే నంబరుతో మళ్లీ వెళ్లండి. మా తూము పనికి ఏడుసార్లు వెళ్లాం.

మా వైపు ఉంటే, ఏటా మే నెల మూడో ఆదివారం పొద్దున ఆరింటికి కుంట మత్తడి దగ్గర కలుస్తాం. ప్లాస్టిక్, తుంగ, పూడిక తీసేసి వానలకు ముందు తొవ్వ తెరుస్తాం. ముసలమ్మ కుర్చీ వేసుకుని గట్టు మీద కూర్చుని, ఎక్కడ తవ్వాలో చెబుతుంది. పార ఉంటే తెచ్చుకోండి, గంపలు మా దగ్గర ఉన్నాయి.